డిస్కు కుదింపులో ఎర్రర్లు: రీఇన్‌స్టాల్‌తో పోయేవి కావు

సంపాదకులు గారికి,

నమస్కారం. డీవీడీని కుదించి ఖాళీ డిస్కులోకి ఎక్కించబోతే ప్రోగ్రాం మధ్యలో ఎర్రర్ చూపి ఆగిపోతోందని ఒక పాఠకుడు అడిగారు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని, అప్పటికీ కాకపోతే విండోస్‌నే మళ్లీ ఎక్కించమని మీ కంప్యూటర్ శీర్షికలో జవాబిచ్చారు. ఆ సలహా పాటిస్తే ఒక పూట పోతుంది, ఎర్రర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ పనికి ఇప్పటికీ చాలామంది వాడే డీవీడీ ష్రింక్‌నే తీసుకోండి. 2004లో వచ్చిన 3.2 దాని ఆఖరి వెర్షన్. అప్పటినుంచి ఒక్క అక్షరం మారని ప్రోగ్రాం నిన్నటిదాకా పనిచేసి ఇవాళ మొరాయించిందంటే, మారినది దానికి పెట్టిన డిస్కో, చదివే డ్రైవో, రాసే ఫోల్డరో అయి ఉంటుంది. దాన్ని పట్టుకునే దారి చెబితే పాఠకులకు పనికొస్తుందని ఈ ఉత్తరం.

బయటికి ఒక్క బటన్‌లా కనిపించినా లోపల జరిగేవి నాలుగు పనులు. డిస్కులోని డేటాను చదవడం, చదివిన వీడియో సైజు తగ్గించడం, తగ్గించిన వీడియోకి టైటిళ్లు, చాప్టర్లు, మెనూల పట్టికను మళ్లీ కట్టడం, చివరికి ఖాళీ డిస్కులోకి రాయడం, అంటే బర్న్ చేయడం. మూడోదాన్నే ఆథరింగ్ అంటారు. ప్రోగ్రాం నాలుగింటినీ ఏకబిగిన లాక్కుపోతుంది కాబట్టి మొదటి పనిలో జరిగిన లోపం మూడో పనిలో వేరే పేరుతో బయటపడుతుంది. అందుకని ముందు వీటిని విడదీయాలి. డిస్కు మొత్తాన్ని ఒక ఐఎస్‌ఓ ఇమేజ్‌గా, అంటే డిస్కంతా ఒకే ఫైలుగా, హార్డ్ డిస్కులోకి తెచ్చుకుని, కంప్రెషన్ (కుదింపు) ఆ ఇమేజ్ మీద చేయాలి. ఫలితాన్ని ఫోల్డర్‌గానే దించుకోవాలి, నేరుగా బర్నర్‌కు పంపకూడదు. ఇందుకు 20 జీబీ ఖాళీ చూసుకుంటే చాలు. డబుల్ లేయర్ (రెండు పొరల) డిస్కు ఇమేజ్‌కి 8 జీబీ, కుదించిన ఫోల్డర్‌కి నాలుగున్నర, దాని ఇమేజ్‌కి ఇంకో నాలుగున్నర, మిగిలింది తాత్కాలిక ఫైళ్లకు.

ఎర్రర్ పేరు చూసే ముందు ఎర్రర్ వచ్చిన చోటు చూడండి. అదే పనిని ఏమీ మార్చకుండా రెండోసారి నడపండి. రెండుసార్లూ 63 శాతం దగ్గరే ఆగితే తప్పు డేటాలో ఉంది: డిస్కు మీద గీతో, దెబ్బతిన్న ఫైలో. ఒకసారి 20 దగ్గర, ఇంకోసారి 71 దగ్గర ఆగితే డేటాను వదిలేసి కంప్యూటర్‌ను అనుమానించాలి. ర్యామ్, ప్రాసెసర్ వేడి, డ్రైవు కేబుల్, యూఎస్‌బీ డ్రైవైతే దానికి అందే కరెంటు, ఈ వరసలో చూసుకురండి. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే తెలిసిపోతుంది. ఫైలు సరిగ్గా 4 జీబీ చేరగానే ఆగితే అది ఫ్యాట్32 డ్రైవు. ఆ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు గానీ పార్టిషన్ గానీ అంతకు మించిన ఒక్క ఫైలును దాచలేదు. ఎంత ఖాళీ ఉన్నా "డిస్కు నిండింది" అనే చెబుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్న డ్రైవుకు మారితే పోతుంది. అసలు మొదలవకుండానే మొదటి సెకన్లోనే ఆగితే ఫోల్డర్ అనుమతులు చూడాలి. ఈ తేడా గమనించడానికి పది నిమిషాలు పట్టదు, సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. దుకాణాల్లో అమ్మే సినిమా డిస్కులకు చాలావాటికి సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది, కొన్నింటిలో కావాలనే చెడ్డ సెక్టార్లు (డేటా ఉండే చిన్న గడులు) పెడతారు. అక్కడ వచ్చే రీడ్ ఎర్రర్‌కు కారణం వేరు. ఆ తాళాల జోలికి ఈ ఉత్తరం పోదు. ఇక్కడ చెప్పేదంతా మనకు హక్కున్న డిస్కుల గురించే: పెళ్లి వీడియోలు, క్యామ్‌కార్డర్ డిస్కులు, రికార్డర్‌లో తీసుకున్నవి, బడి వార్షికోత్సవాలు. వీటికి తాళాలుండవు. కానీ పాతబడి ఉంటాయి, గీతలు పడి ఉంటాయి, కొన్నిటిని సరిగా ముగించి కూడా ఉండరు.

చదవడంలో వచ్చే ఎర్రర్లలో పెద్దది "డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్". డ్రైవు ఆ చోటును పదేపదే చదివినా లెక్క సరిపోలేదని దీని అర్థం. డీవీడీలో ఒక్కో సెక్టార్‌లో 2,048 బైట్ల డేటా ఉంటుంది. 16 సెక్టార్లను కలిపి ఒక దిమ్మగా కట్టి, దానికి దిద్దుబాటు సంకేతాలు జోడిస్తారు. లోపం ఆ సంకేతాల శక్తికి మించితే దిమ్మలోని 32 కేబీ మొత్తం పోతుంది. డిస్కును తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవమనేది ఇందుకే. డేటా చుట్లు చుట్లుగా ఉంటుంది కాబట్టి, గుండ్రంగా తుడిచినప్పుడు పడే గీత ఒకే చుట్టు వెంట పోయి పక్కపక్కనున్న దిమ్మల్ని వరసగా తినేస్తుంది. మధ్య నుంచి అంచుకు పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెం కొంచెమే చెడగొడుతుంది, దాన్ని దిద్దుబాటు సంకేతాలు భరిస్తాయి. మెత్తని నూలుగుడ్డ, కొంచెం నీళ్లు, మొండి మరకైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. టూత్‌పేస్ట్ చిట్కా దయచేసి వద్దు.

తుడిచినా చదవకపోతే డ్రైవు మార్చి చూడండి. ఒకే డిస్కును రెండు కంపెనీల డ్రైవులు వేర్వేరుగా చదవడం మామూలే. ఒకటి వదిలేసిన చోటును ఇంకొకటి పట్టుకుంటుంది. దీన్ని పద్ధతిగా చేసే సాధనం జీఎన్‌యూ డీడీరెస్క్యూ. లైనక్స్‌లో నడుస్తుంది, విండోస్ వాళ్లు లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవుతో కంప్యూటర్‌ను లేపి వాడుకోవచ్చు. సెక్టార్ పరిమాణం 2048 అని ఇచ్చి, మొదటి విడతలో మొండి చోట్లను వదిలేసి బాగున్నదంతా లాగమనాలి. రెండో విడతలో మిగిలిన చోట్లను మూడుసార్లు ప్రయత్నించమనాలి. దీనికి మ్యాప్ ఫైలు తప్పకుండా ఇవ్వండి, అసలు విలువంతా అందులోనే ఉంది. ఏ సెక్టార్లు వచ్చాయో, ఏవి రాలేదో అందులో నమోదవుతుంది. డిస్కును ఇంకో డ్రైవులో పెట్టి అదే ఇమేజ్, అదే మ్యాప్ ఇస్తే రానివాటి కోసమే వెతుకుతుంది. మూడు డ్రైవులు తిరిగేసరికి చాలా డిస్కులు పూర్తిగా వచ్చేస్తాయి.

కొన్ని సెక్టార్లు ఎంతకీ రాకపోయినా గాభరా పడక్కర్లేదు. 5 ఎంబీపీఎస్ (సెకనుకు 50 లక్షల బిట్ల) వీడియోలో 32 కేబీ అంటే సెకనులో ఇరవయ్యో వంతు. ఆ దెబ్బ తర్వాతి పూర్తి ఫ్రేమ్ దాకా పాకుతుంది. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీలో పూర్తి ఫ్రేముల మధ్య దూరం 15 ఫ్రేములకు మించకూడదు కాబట్టి బొమ్మ చెదిరేది సుమారు అర సెకనే. కానీ పోయిన సెక్టార్ ఏ ఫైలుదన్నది ముఖ్యం. టైటిళ్ల పట్టిక ఉండే ఐఎఫ్‌ఓ ఫైలుదైతే మొత్తం డిస్కే తెరుచుకోదు. అప్పుడు అదే పేరుతో పక్కనే ఉండే బీయూపీ ఫైలును కాపీ చేసి, పొడిగింపును ఐఎఫ్‌ఓగా మార్చండి. ఆ రెండూ అచ్చంగా ఒకటే. బీయూపీ ఉన్నదే ఈ అవసరానికి.

"ఇన్‌వాలిడ్ డీవీడీ నావిగేషన్ స్ట్రక్చర్" అన్న ఎర్రర్ కంప్రెషన్ మొదలయ్యేటప్పుడు వస్తుంది గానీ దాని మూలం చాలాసార్లు చదవడంలోనే. వీడియో, ఆడియో ఉండే వీఓబీ ఫైలులో అర సెకను నుంచి ఒక సెకను వ్యవధికొకటి చొప్పున దారి చూపే నావ్ ప్యాక్‌లు ఉంటాయి. అవి పోయినా, ఐఎఫ్‌ఓ చెప్పే సెక్టార్ సంఖ్యలకు వీఓబీలోని అసలు చోట్లకు పొంతన లేకపోయినా ఈ మాటే వస్తుంది. ఫైళ్లను చేత్తో కత్తిరించినవాళ్లకు, అతికించినవాళ్లకు ఇది తప్పదు. సెక్టార్ సంఖ్యలు మాత్రమే తప్పితే ఐఫోఎడిట్ అనే ప్రోగ్రాంలో "గెట్ వీటీఎస్ సెక్టార్స్" నొక్కితే సరిచేస్తుంది. నావ్ ప్యాక్‌లే పోతే వీడియో, ఆడియో ప్రవాహాలను విడదీసి ఆథరింగ్ మొదటినుంచి చేసుకోవడం మేలు. దెబ్బతిన్న ప్రవాహాలను విడదీయడానికి ప్రాజెక్ట్‌ఎక్స్ బాగా పనికొస్తుంది. వీడియోలో ఫ్రేములు పోయిన చోట ఆడియోను కూడా అంతమేరకు సర్దుతుంది.

డిస్కులో డీవీడీ ఫైళ్లన్నీ ఉండే వీడియో_టీఎస్ ఫోల్డరే కనబడకపోతే రెండు కారణాలు. క్యామ్‌కార్డర్‌లో తీసి ఫైనలైజ్ చేయని (రికార్డింగ్‌ను సరిగా ముగించని) డిస్కు కంప్యూటర్‌కు ఖాళీగా కనిపించవచ్చు. వీలైతే తీసిన క్యామ్‌కార్డర్‌లోనే పెట్టి ఫైనలైజ్ చేయాలి. రెండోది వీఆర్ పద్ధతి: డీవీడీ_ఆర్‌టీఏవీ అన్న ఫోల్డర్, అందులో వీఆర్‌ఓ పొడిగింపుతో ఒకే పెద్ద ఫైలు. అది పాడైపోలేదు, లోపల ఉన్నది మామూలు ఎంపెగ్-2 వీడియోనే. కంప్రెషన్ ప్రోగ్రాంకు ఆ అమరిక తెలియదంతే. ఆ ఫైలును విడదీసి ఆథరింగ్‌కు ఇవ్వాలి. ఒక హెచ్చరిక: 8 సెంటీమీటర్ల చిన్న డిస్కుల్ని ట్రే లేకుండా నేరుగా లోపలికి లాక్కునే డ్రైవుల్లో పెట్టొద్దు, ఇరుక్కుపోతాయి.

వీసీడీలను డీవీడీలోకి మార్చేవాళ్లు కూడా అనవసరంగా వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంటారు, అంటే విప్పి కొత్తగా కుదిస్తుంటారు. వీసీడీలోని 352×288 ఎంపెగ్-1 వీడియోను డీవీడీ ప్రమాణం అలాగే ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది ఆడియోను: వీసీడీలో 44.1 కిలోహెర్ట్జ్, డీవీడీకి 48 కావాలి. ఆడియో ఒక్కటీ మార్చి, మళ్లీ కలిపి ఆథరింగ్ చేస్తే ఒక్క డీవీడీలో దాదాపు 7 గంటలు పడుతుంది, బొమ్మ ఏమాత్రం చెడదు. వీసీడీ నుంచి డ్యాట్ ఫైలు (వీడియో ఉండే ఫైలు) కాపీ అవుతూ మధ్యలో ఆగడం ఎక్కువగా కనిపిస్తుంది. వీడియో కోసం ఎక్కువ చోటు మిగల్చడానికి ఆ సెక్టార్లలో ఒక అంచె దిద్దుబాటు సంకేతాలను తీసేశారు. అందుకే చిన్న గీతకే మొండికేస్తుంది.

ఇక కంప్రెషన్. "తగినంత మెమరీ లేదు" అని వస్తే చాలామంది ర్యామ్ కొంటారు. పాత 32-బిట్ ప్రోగ్రాం మామూలుగా 2 జీబీకి మించి వాడుకోలేదు, కంప్యూటర్‌లో 32 జీబీ ఉన్నా దానికి ఒరిగేదేమీ లేదు. ముందుగా ప్రివ్యూ ఆపేయండి. ప్రివ్యూ కోసం కంప్యూటర్‌లో ఉన్న కోడెక్‌లన్నీ (వీడియోను విప్పి చూపే భాగాలు) లోపలికి వస్తాయి. రకరకాల కోడెక్ ప్యాక్‌లు ఎక్కించుకున్న కంప్యూటర్లలో ప్రోగ్రాం కూలిపోయేది ఎక్కువగా అక్కడే. ఆ ప్యాక్‌లు తీసేస్తే ఇంకా మంచిది, డిస్కు కుదింపుకు వాటి అవసరం లేదు.

ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టుకునేవాళ్లకు ఇంకో చిక్కు. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాంలకు "అమ్మ పెళ్లి" అన్న ఫోల్డర్ వరసగా ప్రశ్నార్థకాలుగా అందుతుంది. ఫైలు దొరకలేదంటాయి, లేదా రాయడానికి అనుమతి లేదంటాయి. డ్రైవులో నేరుగా, వేరే ఫోల్డర్ లోపల కాకుండా, చిన్న ఇంగ్లిష్ పేరుతో, ఖాళీలు లేకుండా ఒక ఫోల్డర్ పెట్టుకుని అక్కడే పనిచేయండి. విండోస్ 10, 11లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అన్న రక్షణ ఆన్‌లో ఉంటే, తనకు తెలియని ప్రోగ్రాంలను డాక్యుమెంట్స్, వీడియోస్ లాంటి ఫోల్డర్లలో రాయనివ్వదు. వేరే ఫోల్డర్ పెట్టుకుంటే ఆ బెడదా తప్పుతుంది.

కంప్రెషన్ శాతం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బొమ్మ పాడైందని ప్రోగ్రాంను తిట్టేది ఇక్కడే. డబుల్ లేయర్ డిస్కులో పట్టేది 7.95 జీబీ, సింగిల్ లేయర్‌లో 4.38 జీబీ. అట్టపెట్టె మీద 8.5, 4.7 అని రాసేది వెయ్యి చొప్పున లెక్కగట్టి, కంప్యూటర్ లెక్కగట్టేది 1,024 చొప్పున. నిండా ఉన్న పెద్ద డిస్కును చిన్నదాంట్లో పెట్టాలంటే 55 శాతానికి తేవాలి. డీవీడీ ష్రింక్ లాంటివి వీడియోను పూర్తిగా విప్పి మళ్లీ ఎన్‌కోడ్ చేయవు. కదలికల సమాచారాన్ని ముట్టుకోకుండా బొమ్మలోని సూక్ష్మ వివరాలను మోటుగా కుదిస్తాయి. అందుకే అరగంటలో పని ముగిస్తాయి. 80 శాతం దాకా తేడా కనబడదు. 70 దిగితే కదిలే దృశ్యాల్లో, చీకటి సీన్లలో గళ్లు తేలతాయి. అక్కడినుంచి ప్రోగ్రాంలోని డీప్ అనాలిసిస్, ఎర్రర్ కాంపెన్సేషన్ అన్న సెట్టింగులు రెండూ పెట్టినా ఫలితం కొంతవరకే. 60 దగ్గరైతే నా ఉద్దేశంలో ఆ దారి మానేసి రెండు పాస్‌లలో (వీడియోను రెండుసార్లు చదివి) పూర్తిగా ఎన్‌కోడ్ చేసుకోవాలి.

అంతకంటే ముందు చేయాల్సింది అక్కర్లేనివి తీసేయడం. ఫంక్షన్ వీడియోల డిస్కుల్లో ఆడియో తరచూ కుదించని పీసీఎం రూపంలో ఉంటుంది. అది సెకనుకు 1,536 కిలోబిట్లు, రెండు గంటలకు 1.38 జీబీ. దాన్ని 192 కిలోబిట్ల ఏసీ3గా మారిస్తే 173 ఎంబీ అవుతుంది. వీడియోలో ఒక్క ఫ్రేమూ ముట్టుకోకుండా 1.2 జీబీ మిగిలింది. అయిదున్నర జీబీల డిస్కయితే ఇక కంప్రెషన్ అవసరమే దాదాపు ఉండదు. సినిమా తరహా డిస్కులో 448 కిలోబిట్ల రెండో ఆడియో ట్రాక్ రెండు గంటలకు 400 ఎంబీ. సబ్‌టైటిళ్లు తీసేస్తే మిగిలేది ఏమంత కాదు, ఉండనివ్వండి. రీ-ఆథర్ పద్ధతిలో ప్రధాన వీడియోను మాత్రమే లాగితే మెనూలు, అదనపు క్లిప్పుల చోటు కూడా కలిసొస్తుంది.

పూర్తి ఎన్‌కోడింగ్‌కి బిట్‌రేట్ (సెకనుకు ఎన్ని బిట్లు) లెక్క సులువే. 4.7 వందకోట్ల బైట్లను 8తో గుణించి సెకన్లతో భాగించండి. రెండు గంటలు అంటే 7,200 సెకన్లు, 5.2 ఎంబీపీఎస్ వస్తుంది. ప్యాకింగ్‌కి 4 శాతం, ఆడియోకి 0.2 తీసేస్తే వీడియోకి 4.8 మిగులుతుంది. గరిష్ఠాన్ని 8 దగ్గర కట్టండి. ప్రమాణం 9.8 దాకా ఒప్పుకున్నా ఇంట్లో బర్న్ చేసిన డిస్కుల్లో అంత వేగాన్ని పాత ప్లేయర్లు తట్టుకోలేక ఆగి ఆగి ఆడతాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఎన్‌కోడింగ్ ప్రోగ్రాంలో పాల్ డీవీడీ టార్గెట్ పెట్టి వదిలేసేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. అది మామూలుగా వీడియోకి 6, ఆడియోకి 448 కిలోబిట్లు తీసుకుంటుంది. రెండు గంటల వీడియో 5.8 వందకోట్ల బైట్లవుతుంది, డిస్కులో పట్టదు. రెండు సంఖ్యలూ మీరే ఇవ్వాలి.

ఆథరింగ్‌లో వచ్చే ఎర్రర్లకు మూలం దాదాపుగా ఇచ్చిన ఫైలు ప్రమాణంలో లేకపోవడం. పాల్‌కి 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీకి 720×480, 29.97. ఆడియో 48 కిలోహెర్ట్జ్. ఒకే టైటిల్ సెట్‌లో ఉన్న వీడియోలన్నిటికీ ఆకారం ఒకటే ఉండాలి: 4:3 వీడియో, 16:9 వీడియో కలిపి పెడితే ప్రోగ్రాం ఒప్పుకోదు, ఒప్పుకుంటే ప్లేయర్‌లో మనుషులు సన్నగానో లావుగానో సాగిపోతారు. రెండో ఆకారానికి రెండో టైటిల్ సెట్ పెట్టాలి, 99 దాకా పెట్టుకోవచ్చు. డీవీడీఆథర్ అనే ఆథరింగ్ ప్రోగ్రాం వాడేవాళ్లకు "పీసీఐ, డీఎస్ఐ సమాచారం (నావ్ ప్యాక్‌లలో ఉండేది) ఉండాల్సిన చోట లేదు" అన్న హెచ్చరిక వస్తే, వీడియో ఆడియోలను కలిపేటప్పుడు డీవీడీ పద్ధతి ఎంచుకోలేదని అర్థం. వాటిని కలిపే ఎంప్లెక్స్ ప్రోగ్రాంలో ఫార్మాట్ 8, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో డీవీడీ అని ఇవ్వాలి. వీడియో ఫార్మాట్ చెప్పలేదని ఆగితే పాల్ అనో ఎన్‌టీఎస్‌సీ అనో చెప్పాలి. అంతా బాగానే జరిగి డిస్కు మాత్రం ప్లేయర్‌లో తెరుచుకోకపోతే, ఫోల్డర్‌లో వీడియో_టీఎస్.ఐఎఫ్‌ఓ ఉందో లేదో చూడండి. డిస్కు మొత్తానికి విషయసూచిక రాసే ఆఖరి మెట్టును చాలామంది మరిచిపోతారు.

మాటకూ పెదవికీ పొంతన కుదరడం లేదన్న ఫిర్యాదుకు మందు వేసే ముందు మొదట్లో ఎంత తేడా ఉందో, చివర్లో ఎంత ఉందో కొలవండి. రెండు చోట్లా ఒకే తేడా అయితే ఆడియోకి ఆలస్యం విలువ ఇస్తే చాలు. విడదీసే ప్రోగ్రాంలు ఆ విలువను ఫైలు పేరులోనే మిల్లీసెకన్లలో రాస్తాయి, దాన్ని ఆథరింగ్‌లో ఇవ్వకపోవడమే తప్పు. తేడా పోనుపోను పెరుగుతుంటే ఫ్రేమ్ రేటు మార్పిడిలో పొరపాటు. ఒక చోట హఠాత్తుగా మొదలై అక్కడినుంచి స్థిరంగా ఉంటే ఆ చోట డిస్కు చదవలేదు, ఫ్రేములు పోయాయి. ఇక మనిషి చెయ్యి ఊపినప్పుడల్లా బొమ్మ వెనక్కీ ముందుకీ వణికితే ఫీల్డ్‌ల (ఒక గీత విడిచి ఒక గీతగా ఫ్రేమును చేసే రెండు సగాల) వరస తిరగబడింది. డీవీ క్యామ్‌కార్డర్ టేపుల వీడియోలో కింది ఫీల్డ్ ముందు వస్తుంది, ఎన్‌కోడర్‌కి పైది ముందని చెబితే ఇలాగే అవుతుంది. కంప్యూటర్ తెర మీద ఈ లోపం కనబడకపోవచ్చు, టీవీలో చూడాలి.

బర్నింగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అయినా నాలుగు సంగతులు. ఖాళీ డిస్కుల్లో రెండు రకాలున్నాయి: డీవీడీ మైనస్ ఆర్‌లో 22,98,496 సెక్టార్లు, ప్లస్ ఆర్‌లో 22,95,104. తేడా 7 ఎంబీ కూడా లేదు గానీ, మైనస్‌కు నిండుగా సరిపోయేలా చేసిన ఇమేజ్ ప్లస్‌లో పట్టదు. కంప్రెషన్ లక్ష్యాన్ని 4,300 ఎంబీ దగ్గర పెట్టుకుంటే ఈ తలనొప్పీ ఉండదు, లోపాలు ఎక్కువగా ఉండే డిస్కు బయటి అంచు దాకా పోవాల్సిన పనీ ఉండదు. వీడియో_టీఎస్ ఫోల్డర్ వేరే ఫోల్డర్ లోపల కాకుండా నేరుగా డిస్కులోనే పెద్దక్షరాల్లో ఉండాలి, ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ 1.02తో ఐఎస్‌ఓ 9660 కలిసినది కావాలి. ఇమ్‌గ్‌బర్న్ అనే బర్నింగ్ ప్రోగ్రాంకు బిల్డ్ మోడ్‌లో (ఫోల్డర్ నుంచి డిస్కు చేసే పద్ధతిలో) ఇచ్చేటప్పుడు ఐఎఫ్‌ఓ, బీయూపీ ఒకే దిమ్మలో పడ్డాయని అడిగితే సరిచేయమనే చెప్పండి. రెండూ ఒకే 32 కేబీలో ఉంటే ఒక్క గీతకు రెండూ పోతాయి. డబుల్ లేయర్‌లో లేయర్ మారే చోటు సీన్ మారే దగ్గర, సెల్ (వీడియోలోని ఒక ముక్క) మొదట్లో ఎంచుకోండి. ప్లస్ ఆర్ డిస్కులకు డ్రైవు ఒప్పుకుంటే బుక్ టైప్ (డిస్కు ఏ రకమో ప్లేయర్‌కు చెప్పే గుర్తు) డీవీడీ ప్లస్ ఆర్‌గా కాకుండా డీవీడీ-రోమ్‌గా మార్చండి. చాలా పాత ప్లేయర్లు అప్పుడే వాటిని గుర్తిస్తాయి.

"పవర్ క్యాలిబ్రేషన్ ఎర్రర్" వస్తే లేజర్ శక్తిని ఆ డిస్కుకు తగ్గట్టు సర్దుకోలేకపోయిందని అర్థం. వేరే రకం డిస్కు, డ్రైవు ఫర్మ్‌వేర్, ఆ తర్వాత లెన్స్ శుభ్రం. "సెమాఫోర్ టైమ్‌అవుట్" వస్తే కేబుల్ లేదా యూఎస్‌బీ పెట్టె. 16 ఎక్స్ డిస్కును 8 ఎక్స్‌లో రాయండి. మరీ 1 ఎక్స్‌కు దించితే మేలు జరుగుతుందన్నది నిజం కాదు, ఒక్కో వేగానికి డ్రైవులో వేరే రాత పద్ధతి ఉంటుంది, కొత్త డిస్కులు మరీ నెమ్మది వేగాలకు చేసినవి కావు. వెరిఫై, అంటే రాసినదాన్ని మళ్లీ చదివి సరిచూడటం, తప్పనిసరి. వెరిఫైలో చదవలేకపోతే డిస్కు తప్పు. చదివింది గానీ రాసినదానితో పోలలేదంటే మళ్లీ ర్యామ్ దగ్గరికి, కేబుల్ దగ్గరికి వెళ్లండి.

ఇకమీదట ఇలాంటి ప్రశ్నలు మీ శీర్షికకు వస్తే జవాబు రాసే ముందు ఆ పాఠకుడి నుంచి ఈ వివరాలు తెప్పించండి: ఎర్రర్ మాటలు ఉన్నదున్నట్టు, రెండుసార్లు నడిపితే ఏ శాతం దగ్గర ఆగింది, డిస్కులోని ఫోల్డర్ పేర్లు, రాస్తున్న డ్రైవు ఫ్యాట్32నా ఎన్‌టీఎఫ్‌ఎస్‌నా, బర్నింగ్ ఎర్రర్ అయితే లాగ్ ఫైలు, అందులో కనిపించే డిస్కు తయారీదారు సంకేతం. వీటిలో మొదటి రెండూ ఉన్నా జవాబు ఒక్క పేరాలో వచ్చేస్తుంది.

ఇట్లు,
డిస్కుల పని తెలిసిన ఒక పాఠకుడు